చిక్కు వెంట్రుకలు

రాత్రి ఒంటిగంటన్నర దాకా టీవీ ముందు కూర్చున్న ఫలితం పొద్దున్నే కనపడింది. పాలు పొంగి స్టవ్వంతా అయింది. ఆయన లేచి వచ్చి చూసి ఏమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకపోవడమే పెద్ద మాట.

చూసింది ‘ఢిల్లీ క్రైమ్’ రెండో సీజను. 2022లో వచ్చింది. లోకమంతా చూసి మరిచిపోయాక మొదలుపెట్టడం నాకు అలవాటే. ఐదే ఎపిసోడ్లు కదా, రోజుకొకటి చూద్దామనుకున్నదాన్ని నిన్న ఒక్క రాత్రే మూడు లాగించేశాను. ఇన్నేళ్ళయింది కాబట్టి కథ చెప్పేసినా ఎవరూ తిట్టుకోరు. ఢిల్లీలో డబ్బున్న ముసలివాళ్ళను ఇళ్ళల్లోనే చంపేస్తుంటారు. చంపినవాళ్ళు ఒంటికి నూనె పూసుకుని, చెడ్డీ బనియన్లతో వచ్చారు. ఇంకేముంది, కచ్చా బనియన్ గ్యాంగ్ మళ్ళీ దిగిందంటారు. పోలీసులు గుడిసెల మీద పడి విముక్త జాతులవాళ్ళను, అంటే ఒకప్పుడు బ్రిటిషువాళ్ళు పుట్టు దొంగలని ముద్ర వేసిన జాతులవాళ్ళను పట్టుకొస్తారు. వీళ్ళ గుట్టంతా నాకు తెలుసంటూ ఒక రిటైరైన పోలీసాయన దిగుతాడు. నేరం వాళ్ళ రక్తంలోనే ఉంటుందని ఆయన నమ్మకం. తీరా చూస్తే హంతకులు వేరే. నేరం ఆ జాతుల మీదికి పోతుందని తెలిసే ఆ వేషం కట్టారు.

మంచి మనసుతోనే తీశారు. పోలీసు అధికారిణిగా వేసిన షెఫాలీ షా ముఖంలో ఆ అలసట చూస్తే మనకే నడుం వాల్చాలనిపిస్తుంది. అయినా పడుకున్నాక ఏదో నలుసులా గుచ్చుకుంటూనే ఉంది. ఏమిటో తెలియలేదు. పొద్దున తెలిసింది, అదీ మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు పుణ్యమా అని.

ఎనిమిదిన్నరకు ఫోను టింగుమంది. మూడో అంతస్తు ఆంటీ బాల్కనీలోంచి తీసిన ఫోటో, కింద రెండు లైన్లు. ‘ఈమె గంట నుంచి మన సందులో తిరుగుతోంది. రెక్కీ కావచ్చు. అందరూ జాగ్రత్తగా ఉండగలరు.’

రెక్కీ! కొన్నేళ్ళ కిందట ఈ మాట మా బిల్డింగులో ఎవరికీ తెలియదు. ఇప్పుడు పెళ్ళి సంబంధం చూడ్డానికి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా రెక్కీకి వెళ్ళొచ్చామనే అంటున్నారు.

ఆంటీ భయానికి కారణం లేకపోలేదు. పోయిన శనివారం డాబా మీద రెండు ఇత్తడి కుళాయిలు ఎవరో ఊడబెరుక్కుపోయారు. రాత్రంతా నీళ్ళు కారి ట్యాంకు ఖాళీ అయింది, ఆదివారం పొద్దున టాంకరు తెప్పించుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి గ్రూపులో అందరూ డిటెక్టివ్‌లే.

ఫోటో పెద్దది చేసి చూశాను. నెత్తిన గంప, గంపలో ఎండకు మెరుస్తున్న స్టీలు గిన్నెలు, గంప కింద ఆకుపచ్చ లుంగీ గుడ్డతో చుట్టిన చుట్టకుదురు. ఆ చుట్టకుదురు చూడగానే తెలిసిపోయింది. చిక్కు వెంట్రుకలు కొనే ఆవిడ. నెలకోసారి వస్తుంది. పోయినసారి ఆవిడ దగ్గర తీసుకున్న టీ వడకట్టు ఇప్పుడు కూడా నా చేతిలోనే ఉంది.

నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపాను. చివరికి ‘ఆవిడ వెంట్రుకలు కొనే ఆవిడండీ, మాకు తెలుసు, ఎప్పుడూ వస్తుంది’ అని పెట్టాను. ఇద్దరు నమస్కారం బొమ్మలు పెట్టారు. ఐదో అంతస్తు ఆయన మాత్రం ఊరుకోలేదు. ‘మేడమ్, మొదట ఇలాగే వస్తారు. మీరు ఢిల్లీ క్రైమ్ సీజన్ టూ చూడండి, వాళ్ళ పద్ధతి మొత్తం చూపించాడు.’

నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది. రాత్రి నేను చూసిందీ అదే, ఆయన చూసిందీ అదే. వాళ్ళు చేయలేదని చెప్పడానికి తీసిన కథను, వాళ్ళే చేస్తారనడానికి ఈయన సాక్ష్యంగా పట్టుకొచ్చాడు. పూర్తిగా చూడలేదేమో అనుకుందామంటే, ఆయన సిరీస్ మొదలెడితే వదిలే మనిషి కాదు. చూశాడు. చివర్లో చెప్పింది ఆయన చెవి దాకా వెళ్ళింది. అంతకుముందు చూపించిందేమో కళ్ళల్లో నిలిచిపోయింది.

వంకాయలు తరుగుతూ దీని గురించే ఆలోచించాను. నాకు గుచ్చుకున్నది ఇదే. ఈ కథల్లో ఆ మనుషులు ఎప్పుడొచ్చినా పోలీస్ స్టేషన్ గుమ్మంలోంచే లోపలికి వస్తారు. నిర్దోషులని తేలాలన్నా ముందు దొంగలుగా వచ్చి వరసలో నిలబడాలి. పోలీసు అధికారిణికి కూతురుంది, మొగుడున్నాడు, ఇంట్లో తినకుండా వదిలేసిన అన్నం పళ్ళెం ఉంది. ఆ వరసలో నిలబడ్డవాళ్ళకు అవేవీ ఉండవు. వాళ్ళలో ఒక ఆడమనిషి పిల్లకు జడ వేస్తూ, రిబ్బను దొరక్క విసుక్కుంటూ ఒక్క నిమిషం కనపడదు. కనపడితే ఏడుస్తూనో, పోలీసు కాళ్ళ మీద పడుతూనో కనపడుతుంది.

పేదరికం సంగతి చెప్పక్కర్లేదు. ఈ సిరీస్ అనే కాదు, ఏది తీసుకున్నా అంతే. గుడిసెలు రాగానే తెర పసుపు రంగుకు తిరుగుతుంది, పైనుంచి డ్రోను షాటు, ఒక బక్క కుక్క, వెనక డప్పు. డబ్బింగుల్లో ఇంకో తమాషా. ఇన్‌స్పెక్టరు పాఠ్యపుస్తకం తెలుగు మాట్లాడతాడు, జేబుదొంగకు శ్రీకాకుళం యాసో పాలమూరు యాసో తగిలిస్తారు. వాడు బీహారులో పుట్టినా సరే!

‘జై భీమ్’ మొదలు నాకింకా గుర్తుంది. జైలు బయట, విడుదలైన ఒక్కొక్కడినీ కులం అడుగుతారు. పై కులం అయితే పొమ్మంటారు. కాకపోతే పక్కన నిలబెట్టి, తేలని కేసులు మోయడానికి ఏ స్టేషన్‌కి ఎందర్ని కావాలో పంచుకుంటారు. అలాంటి మనుషులు స్టేషన్ గుమ్మంలోకి ఎలా వచ్చిపడతారో చూపించిన సినిమా కాబట్టి గౌరవం. కానీ 2017లో ‘ఖాకీ’ చూసినప్పుడు నేనేం చేశాను? బవారియా ముఠా కేసు మీద తీసిన ఆ సినిమాలో పోలీసు కార్తి దొంగల్ని తరుముతుంటే కుర్చీ అంచున కూర్చుని చప్పట్లు కొట్టాను. బవారియా అన్నది ముఠా పేరు కాదు, ఒక జాతి పేరని అప్పుడు తట్టనే లేదు. బ్యాంకులకు వేల కోట్లు ఎగ్గొట్టి విమానమెక్కినవాళ్ళున్నారు, వాళ్ళ కులం పేరు పెట్టి ఫలానా గ్యాంగ్ అని ఎవరైనా అన్నారా?

ఇదంతా బొంబాయివాళ్ళ మీదో మద్రాసువాళ్ళ మీదో తోసెయ్యడానికి లేదు. మాది చీరాల పక్క. చిన్నప్పుడు అమ్మమ్మతో పాసింజరు బండిలో బాపట్ల వెళ్ళి వస్తుంటే దారిలో స్టూవర్టుపురం స్టేషన్ వచ్చేది. బండి అక్కడ నిమిషమో రెండు నిమిషాలో ఆగేది. అమ్మమ్మ కిటికీ షట్టరు దించేసి, సంచి ఒళ్ళోకి లాక్కుని, నా మెళ్ళో గొలుసు గౌను లోపలికి తోసేది. పెట్టెలో సగం మంది అదే పని చేసేవాళ్ళు. షట్టరు చీలికలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద జామకాయలమ్మే ముసలమ్మ, బడి నుంచి వస్తున్న పిల్లలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. దొంగలెక్కడ అమ్మమ్మా అంటే, ‘ష్’ అనేది.

అదే అమ్మమ్మ ఇంటి ముందు ఎరుకలామె ‘ఎరుక చెబుతానమ్మా ఎరుక’ అని కేక పెడితే పరుగున బయటికి వెళ్ళేది. చేటలో బియ్యం పోసి, ముందు చెయ్యి చాపి కూర్చునేది. మా మావయ్య ఉద్యోగం, పిన్ని కానుపు, పాడి గేదె ఈనడం, అన్నీ ఆవిడ నోటి నుంచే వినాలి. వేంకటేశ్వర స్వామంతటివాడు పద్మావతితో పెళ్ళి కుదుర్చుకోవడానికి ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం వెళ్ళాడని ఎన్నిసార్లు చెప్పిందో. వాకిట్లోకొస్తే ఎరుకలసాని, రైలు కిటికీ అవతల ఉంటే దొంగ. స్టూవర్టుపురం ఎరుకలవాళ్ళ ఊరే, ఇద్దరూ ఒకరేనని ఆవిడకు తట్టలేదు. నాకూ డిగ్రీ అయిపోయేదాకా తట్టలేదు.

తరవాత చదువుకున్నాను. ఎరుకలవాళ్ళ శాఖల పేర్లు చూస్తే వాళ్ళేం చేసి బతికారో తెలుస్తుంది. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. దబ్బ అంటే బుట్టలల్లే వెదురు దబ్బ. ఉప్పు ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు మెరకసీమకు మోసి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, దానికి తోడు రైలు. రెండూ కలిసి ఆ వర్తకాన్ని మింగేశాయి. తిరిగే పని పోయినా తిరగడం మానని మనుషులు సర్కారు కంటికి అనుమానంగా కనపడ్డారు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ, అంటే మా వైపుకీ తెచ్చారు. జాతి మొత్తాన్ని రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించడం. చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. కొద్ది ఏళ్ళకే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల మీదుగా, ఆ జాతివాళ్ళను ఉంచడానికి స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిలులో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళారు. మా ఊరి ఫ్యాక్టరీ! చిన్నప్పుడు దాని సైరను విని గడియారం సరిచేసుకునేవాళ్ళం. ఈ ముక్క ఒక్కరు కూడా చెప్పలేదు.

చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. ఊరి పేరు మాత్రం పోలేదు. 1991లో చిరంజీవి సినిమాకు ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ అని పేరు పెడితే ఎవరికీ వింతగా అనిపించలేదు, ఆ ఊరి పక్కన రాయడానికి వేరే మాటే లేనట్టు. అక్కడ బడి ఉంది, చర్చి ఉంది, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళున్నారు. 2023లో స్టూవర్టుపురం దొంగ కథతో తీసిన ‘టైగర్ నాగేశ్వరరావు’ టీజరు వచ్చాక ఎరుకలవాళ్ళను కించపరుస్తోందంటూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అప్పుడు కొందరు ‘సినిమాను సినిమాలా చూడాలి’ అన్నారు. సినిమాను సినిమాలాగే చూస్తాం కానీ, స్టేషన్ రాగానే షట్టరు దించుతాం కదా.

పదకొండు దాటాక ఇంటర్‌కమ్ మోగింది. వాచ్‌మన్. ‘అమ్మా, ఎంటికలామె వచ్చింది. మీరు రమ్మన్నారంటోంది. సెక్రటరీ గారు ఎవర్నీ పంపొద్దన్నారు.’ నిజానికి నేను రమ్మనలేదు. అయినా ‘అవును, రమ్మన్నాను’ అన్నాను. ‘అయితే పుస్తకంలో రాయాలమ్మా. మీ ఫ్లాటు పేరు మీదే పంపుతున్నాను’ అన్నాడు.

ఆవిడ మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు ఉందిగా అంటే ‘ఒద్దన్నడక్కా’ అంది. గంప దించి గుమ్మం బయట కూర్చుంది. బాత్రూం కిటికీలో కవరు కట్టి దాచిన వెంట్రుకల ఉండ తెచ్చిచ్చాను. అమ్మమ్మ చూరులో చెక్కేది, నాకు చూరు లేదు కాబట్టి కవరు. ఆవిడ ఉండను విప్పి, రెండు వేళ్ళతో సాగదీసి, వెలుగుకు పెట్టి చూసింది. తెల్లవెంట్రుకలు ఎక్కువయ్యాయని ఆవిడ పైకి అనలేదు, నేనూ అడగలేదు. చిన్న కొక్కెం కాటాకు తగిలించింది.

‘గీటికి గరిటెనే వస్తదక్కా, గిన్నె రాదు.’

‘పోయినసారి ఇంతకే వడకట్టు, చెంచా రెండూ ఇచ్చావుగా?’

‘అప్పటి ధర యాడుందక్కా. కొనేటోళ్ళు మామీద బేరమాడుతున్రు.’

ఇంతలో చెప్పుల స్టాండు మీద నా ఫోను మోగింది. గ్రూపే. మోగి ఆగిపోయింది. దాన్ని అక్కడే వదిలి గరిటెలు ఎంచుకోవచ్చు. కానీ నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఫోను తీసుకుని నైటీ జేబులో వేసుకుంది. కావాలని చేయలేదు. కావాలని చేసి ఉంటే కనీసం ఆపుకునేదాన్ని.

ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. గంపను గుమ్మానికి ఒక జానెడు దూరంగా జరిపి, రెండు చేతులూ మోకాళ్ళ మీద, నాకు కనపడేట్టు పెట్టుకుంది. ఎవరూ నేర్పకపోయినా ఎన్నో గుమ్మాల ముందు చేసి చేసి అలవాటైన పని. నాకు మాట పడిపోయింది. పొద్దున్నే గ్రూపులో ఆవిడ తరఫున నాలుగుసార్లు రాసి చెరిపిన చెయ్యి ఇది.

కప్పిపుచ్చుకోవడానికి ఏదో ఒకటి అడగాలని ‘మీదే ఊరమ్మా’ అన్నాను. మహబూబ్‌నగర్ అవతల అంది. ‘జంగాలోళ్ళమక్కా. బుడగ జంగాలం.’

‘కథలు చెప్పేవాళ్ళు కదూ?’

ముఖం వెలిగింది. ‘మా తాత తంబుర పట్టుకుంటే తెల్లారేదాంక కథనే. రాజు కొడుకు కత్తి ఎత్తుతడు సూడు, ఆడ ఆపుతుండె. మిగిలింది రేపు రాండ్రి అంటుండె. ఊరోళ్ళు తిట్టుకుంట పోయి, మల్ల తెల్లారి బియ్యం పట్టుకొని వస్తుండ్రి.’ గరిటె తుడుస్తూ నవ్వింది. ‘మా అయ్యకు రెండు కథలొస్తయి. నాకు ఎంటికలొస్తయి.’

ఎపిసోడు చివర ఊపిరి బిగబట్టించే ముడి వేసి ఆపడం ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టిన విద్య అనుకుంటున్నాం. వీళ్ళ తాత బియ్యం కోసం చేసిన పనే అది. కథ చెప్పడమే కులవృత్తిగా ఉన్నవాళ్ళ మనవరాలికి ఇవాళ్టి కథల్లో దొరికిన వేషం ఏమిటంటే, సందులో గంపతో నడిచిపోయే అనుమానాస్పద స్త్రీ. డైలాగు కూడా ఉండదు.

‘ఈ సందులోకి రావడానికి భయం వెయ్యదా?’ అన్నాను. ఫోటో సంగతి చెప్పలేదు. చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

‘గా పిల్లల్ని ఎత్కపోతరని ఫోన్లల్ల వచ్చింది సూడు, గప్పుడు అయ్యింది బయం. గా ఎండకాలం రెండు నెల్లు గుడారం ఇడిసిపెట్టి రాలేదు.’

2018. నాకు బాగా గుర్తు. పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు అంటూ ఆడియోలు, ఎక్కడివో శవాల ఫోటోలు. పార్థీ అన్నదీ ఒక జాతి పేరే. ఆ మే నెలాఖరులో చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆవిడదీ మహబూబ్‌నగర్ వైపే. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి కొట్టి చంపారు. వాళ్ళు నాథపంథీ డవరీ గోసావీలు, అడుక్కుని బతికే సంచార జాతివాళ్ళు. ఆ ఆడియో నాకూ వచ్చింది. ‘నిజమో కాదో తెలీదు, అయినా జాగ్రత్త’ అని మా అక్కకు పంపాను కూడా.

గరిటెతో పాటు ఒక చిన్న స్టీలు మూత కూడా తీసి పక్కన పెట్టింది. బేరం అడగకుండానే పెట్టింది. మంచినీళ్ళిస్తే సీసాలో పోయించుకుని మెట్ల మీదుగానే దిగిపోయింది.

మధ్యాహ్నమంతా మామూలే. గుత్తి వంకాయ కొంచెం మాడింది. అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, ‘ఎన్నింటికి పడుకున్నావు నిన్న? మూడో సీజన్ కూడా ఉంది, చూస్తావా?’ అంది. చూస్తాననే అన్నాను. చూడకుండా ఉండే మనిషినైతే కాదు.

సాయంత్రం కూరలకు వెళ్ళి వస్తూ గేటు దగ్గర ఆ పుస్తకం తెరిచి చూశాను. వాచ్‌మన్ టీకి వెళ్ళినట్టున్నాడు. ఇవాళ్టి పేజీలో పదకొండు లైన్లు. ప్లంబరు వచ్చాడు, పేరు లేదు. కొరియరు, పేరు లేదు. ఏసీ అబ్బాయికి వచ్చిన టైం ఉంది, వెళ్ళిన టైం లేదు. ఇంకో పేరు చదవడానికే రాలేదు. ఆరో లైను మాత్రం నిండుగా ఉంది. పేరు దగ్గర ‘ఎంటికలామె (ఎరుకల)’ అని రాశాడు. జంగాలమని చెప్పే ఉంటుంది, ఇతనికి తెలిసిన పేరు ఇతను రాసుకున్నాడు. లోపలికి 11.10. బయటికి 11.40. పక్కన నీలం ఇంకుతో ఆవిడ ఎడమ బొటనవేలి ముద్ర. దాని కింద ఎర్ర పెన్నుతో సెక్రటరీ గారి పొట్టి సంతకం, ‘ఫోటో తీయడమైనది’ అని.

కుళాయిల సంగతి ఇంకా తేలలేదు.

ఎవరి ఇంటికి అన్న గడిలో మా ఫ్లాటు నంబరు మాత్రం రెండుసార్లు దిద్ది, కింద గీత గీసి ఉంది.